అమ్మ అని రాయడానికి రెండేళ్ళా?

నాలుగో తరగతి పిల్ల నోటు పుస్తకం ఒకటి నా బీరువాలో దాచుకున్నాను. ఆ పిల్లకు పెళ్ళయి ఉంటుంది ఇప్పటికి. పుస్తకం నిండా చూచిరాత. తలకట్లన్నీ ఒకే ఎత్తులో ఉంటాయి, సున్నాలు గాజులంత గుండ్రంగా ఉంటాయి, పుట మొత్తం మీద ఒక్క కొట్టివేత కనబడదు. ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారి ఆ పుస్తకాన్ని పైకెత్తి తరగతికంతా చూపించి, "రాత అంటే ఇలా ఉండాలి" అన్నారు. నా గురించి రిజిస్టరులో రెండు మంచి మాటలు కూడా రాసి వెళ్ళారు. నేను పొంగిపోయాను.

ఆ మధ్యాహ్నం, భోజనాలయ్యాక, ఊరికే ఆ పిల్లను దగ్గరకు పిలిచి తను రాసిన పుటలో నడిమధ్యన ఒక మాట మీద వేలు పెట్టి, "ఇదేమిటమ్మా?" అని అడిగాను. ఆ పిల్ల నా వేలు వైపు చూసింది. తన వేలు తీసుకెళ్ళి మొదటి వరుసలో మొదటి మాట మీద పెట్టింది. పాఠం ఎత్తుకుంది, రాగంతో. మాటకొక అడుగు చొప్పున వేలు జరుపుకుంటూ, ఒక వరుస దాటి, రెండో వరుస దాటి, నా వేలి దగ్గరకు వచ్చి ఆగింది. "గట్టు" అంది. అక్కడున్నది "చెరువు". పాఠంలో "చెరువు గట్టు మీద" అని ఉంటుంది. దారిలో ఎక్కడో వేలు ఒక అడుగు వెనకబడిందన్నమాట.

చెప్పని పాఠం ఒకటి తీసి ముందు పెట్టాను. చాలాసేపు చూసి, మర్యాదగా అంది: "మీరు మొదలుపెట్టండి టీచర్, నేను చెబుతాను."

ఆ పిల్లకు జ్ఞాపకశక్తి తక్కువేమీ కాదు. అంత పాఠాన్ని అక్షరం పొల్లుపోకుండా ఒప్పజెప్పే పిల్ల నాకంటే తెలివైనది. నాలుగేళ్ళు మేము తనతో బొమ్మలు గీయించాం, పాటలు పాడించాం. బొమ్మలకు రాయడం అని పేరు పెట్టుకున్నాం, పాటలకు చదవడం అని పేరు పెట్టుకున్నాం. తన తప్పు ఇందులో ఏముంది? ఆ రోజు నుంచి నాకు చూచిరాత అంటే పడదు. తోటి ఉపాధ్యాయులు దీన్ని నా పిచ్చి అంటారు. అనుకోనివ్వండి. కాని ఈ పిచ్చికి కొన్ని కారణాలున్నాయి, అవి చెప్పుకోవాలనే ఇది రాస్తున్నాను.

ముందు మన వరుస సంగతి చూద్దాం. అచ్చులు, తర్వాత హల్లులు, తర్వాత గుణింతాలు, అవన్నీ అయ్యాక ఒత్తులు, ఆ పైన వాక్యాలు. ప్రభుత్వ వాచకాలు ఈ వరుసను ఎప్పుడో వదిలేశాయి. బొమ్మ చూపించి, మాట చెప్పించి, ఆ మాటలోంచి అక్షరాన్ని బయటికి తీసే పద్ధతికి మారాయి. కాని గోడ మీది చార్టు మారలేదు, దుకాణంలో దొరికే కాపీ పుస్తకం మారలేదు, సాయంత్రం ఇంట్లో పలక పట్టించే నాన్న మారలేదు. నిజం చెప్పాలంటే చాలామంది ఉపాధ్యాయుల మనసులూ మారలేదు. వాచకం మూసేసి "ముందు అక్షరాలు రానివ్వండి" అంటాం. 36 హల్లులకు 16 గుర్తుల చొప్పున లెక్క వేస్తే గుణింతాలే 576. అవి పూర్తయ్యేదాకా పిల్ల తన మాట ఒక్కటి కూడా రాయకూడదన్నమాట.

అందులోనూ ఒక తమాషా ఉంది. ఏ వాచకం తెరిచినా, ఏ చార్టు చూసినా "అ" పక్కన అమ్మ బొమ్మే ఉంటుంది. బడిలో మొదటి రోజు చూసే మొదటి మాట అదే. కాని అమ్మ అని రాయాలంటే మ ఒత్తు కావాలి. నాన్నకు న ఒత్తు కావాలి. అన్న, అక్క, తమ్ముడు, చెల్లి, అవ్వ, అత్త, వీళ్ళలో ఒత్తు లేకుండా వచ్చేవాళ్ళు ఒక్కరూ లేరు. తాత, మామ, బావ మాత్రం ముందే వచ్చి కూర్చుంటారు. అత్తకు ఒత్తుంది, మామకు లేదు! ఇల్లు, బువ్వ, అన్నం, పప్పు, కుక్క, గుడ్డు, ముద్దు, ఆరేళ్ళ పిల్లకు కావలసిన మాటలన్నీ ఒత్తుల గదిలో తాళం వేసి ఉన్నాయి. క్రియల దగ్గరకు వస్తే ఇంకా ఘోరం. వచ్చాడు, ఇచ్చాడు, అన్నాడు, కొట్టాడు, తిన్నాడు, అన్నిటికీ ఒత్తులే. ఒత్తు రాని పిల్లవాడి పుస్తకంలో మనిషి తాగగలడు గాని తిన్నాడని రాసే వీలు లేదు. పక్కవాడు కొట్టాడని ఫిర్యాదు రాసుకునే వీలూ లేదు.

ఇంకో చిక్కు. తలకట్టు తీసేస్తే చాలు, చాలా అక్షరాలు ఒత్తులైపోతాయి. త, న, మ, య, ర, ల ఒత్తులు మాత్రం తల్లి అక్షరాన్ని పోలవు. అమ్మ, నాన్న, అత్త, చెల్లి, నలుగురూ సరిగ్గా ఆ ఆరింటిలోనే పడ్డారు. కష్టమైనవి కదా, వెనక్కు నెడదాం అనుకోవడం సహజమే. కాని వెనక్కు నెట్టిన ఆ ఏడాదో రెండేళ్ళో పిల్ల చేతిలో బలపం ఉంటుంది, రాయడానికి ఏమీ ఉండదు. ఆ ఖాళీలోకి చూచిరాత వచ్చి కూర్చుంటుంది. తన మాట రాయలేని పిల్ల ఎవరి మాటో దించుకుంటుంది.

పూర్తిగా వచ్చేదాకా ఆగుదామంటే అది ఎప్పటికీ రాదు. మన లిపికి దగ్గర చుట్టమైన కన్నడ లిపిలో చదువు నేర్చుకునే పిల్లల మీద సోనాలీ నాగ్ అనే పరిశోధకురాలు చేసిన పని 2007లో అచ్చయింది. ఇంగ్లీషు అక్షరాల్లాగా ఇవి ఒకటి రెండేళ్ళలో పూర్తయ్యే పని కాదనీ, నాలుగో తరగతిలో కూడా పిల్లలు ఈ లిపి గుర్తులను ఇంకా నేర్చుకుంటూనే ఉంటారనీ అందులో తేలింది. తరగతి గదిలో నేను చూసినదీ అదే. ఠ, ఢ, ఝ, ఘ లాంటివి ఐదో తరగతిలో కూడా తడబడతాయి. తడబడనివ్వండి. ఝ రాని పిల్ల అమ్మ గురించి రాయకూడదన్న నియమం ఎవరు పెట్టారు?

అలాగని అక్షరాలు చెప్పకపోయినా బొమ్మలు చూసి ఊహించుకుంటూ చదువు అదే వస్తుందనే వాళ్ళతో కూడా నాకు పేచీ ఉంది. కథ చదివి వినిపించడం మంచిదే, నేను రోజూ చేస్తాను. కాని కథ ఎన్నిసార్లు విన్నా "చె" కూ "చే" కూ తేడా కన్ను పట్టుకోదు. అది ఎవరో విడదీసి చూపించాలి. రెండూ పక్కపక్కన పలికి వినిపించాలి. మన పెద్దవాళ్ళు దీనికి చక్కటి ఉపాయం కనిపెట్టారు: "కకు గుడిస్తే కి, కకు కొమ్మిస్తే కు." గుర్తు పేరూ, అది చేసే పనీ, వచ్చే శబ్దమూ ఒకే ముక్కలో ఉన్నాయి. శిక్షణ తరగతుల్లో దీన్ని పాతచింతకాయ పచ్చడి అని కొట్టిపారేయడం విన్నాను. నేను ఒప్పుకోను. గొడవంతా ఆ వరుసను పైనుంచి కిందికి పాడించి వదిలేయడంలో ఉంది. "కే ఏది?" అని అడిగితే చాలామంది పిల్లలు క కా కి కీ అంటూ మెట్లన్నీ దిగి వచ్చి అక్కడ ఆగుతారు. పాఠంలో "చెరువు" కోసం మొదటి వరుస నుంచి నడిచొచ్చిన పిల్లలాగే. నేను గుణింతాన్ని అడ్డంగా చెప్పిస్తాను: కి, తి, పి, లి, గి. తర్వాత కు, తు, పు, లు, గు. గుడి ఒక్కటే, అది ఎవరి నెత్తిన కూర్చున్నా ఒకే పని చేస్తుందని పిల్లకు తెలియాలి. అది తెలిసిన రోజున పిల్ల ముఖం చూడాలి. చెప్పని అక్షరానికి కూడా తనే గుడి పెట్టి చదివేస్తుంది.

నేను మొదలుపెట్టేది ఎనిమిది హల్లులతో: ప, ల, క, వ, త, డ, ర, గ. మొదటి వారం ముగిసేసరికి పలక, వల, తల, కల, వడ, పడవ, కడవ, గడప, పడగ, తలగడ. ఒక్క గుర్తూ లేకుండా పది మాటలు. దీర్ఘం కంటే ముందు కొమ్ము చెబుతాను. ఇదేమిటని మొదట్లో అందరూ అడిగేవారు. తెలుగు మాట చివరికి వచ్చి నిలబడేది ఎక్కువగా ఉకారం మీదే కదా! కొమ్ము రాగానే కడుపు, తలుపు, పరుగు, కరువు, గురువు వచ్చేస్తాయి. మూడో వారంలో అచ్చు ఒకటి, "అ". ఆ వెంటనే ఒత్తు. కప్ప, కుక్క, పప్పు, గుడ్డు, అక్క, అవ్వ. మ ఇంకా చెప్పకపోయినా అమ్మను బొమ్మలాగానే గుర్తుపట్టి రాసేస్తారు, నేను అడ్డుపడను. దసరా సెలవులకు ముందు ఒకటో తరగతి పిల్ల తనంతట తాను ఒక వాక్యం రాయాలి. ఎనిమిది హల్లుల వాక్యమైనా సరే. "కుక్క గడప పక్క పడుకుంది" అని రాసిన పిల్లవాడున్నాడు. సున్నా ఇంకా చెప్పలేదు, గోడ మీది చార్టు చూసి తనే ఎక్కడినుంచో ఎత్తుకొచ్చాడు. ద కూడా అక్కడిదే.

వచ్చిందో లేదో చూడటానికి నా దగ్గర ఒక దొంగ పరీక్ష ఉంది. అర్థం లేని మాటలు రాస్తాను: గిపలు, తడుకె, వేరుగి. పిల్లలకు ఇది భలే ఇష్టం. పడీపడీ నవ్వుతారు. కంఠస్థం చేసినవాళ్ళకు ఇక్కడ దారి ఉండదు. నెలకోసారి ఐదు నిమిషాలు చాలు, ఎవరికి ఏ గుర్తు రాలేదో తేలిపోతుంది.

ఇక సొంత వాక్యం. మూడో తరగతి పిల్ల ఒకతె తెచ్చిన పలక చెబుతాను. "మా మేక ఇనింది. రెండు పిలలు. ఒకటి నలది. నలది పాలు తాగతా లేదు." ఎర్ర కలం పట్టుకుంటే ఇందులో కొట్టేయడానికి ఐదు తప్పులున్నాయి. ఒత్తులు ఎగిరిపోయాయి, "ఈ" పొట్టిదైపోయింది. కాని చూడండి, ఈ పిల్ల ఒక వార్త చెబుతోంది. చివరి వాక్యంలో దిగులు కూడా ఉంది. నేను మొదట అడిగింది "ఇప్పుడు తాగుతోందా?" అని. సీసాతో పట్టిస్తున్నారట. అదీ రాయమన్నాను. ఆ తర్వాతే "పిలలు" దగ్గర వేలు పెట్టి, "చదివి వినిపించు" అన్నాను. పి, ల, లు. తనకే తేడా వినబడింది. "ఒత్తు టీచర్!" అని కింద ల ఒత్తు తగిలించింది. "నలది" సంగతి ఆ రోజు ఎత్తలేదు. మర్నాడు తనే దిద్దుకొచ్చింది. "తాగతా లేదు" మాత్రం అలాగే ఉంచాను. అది తప్పు కాదు, ఆ ఇంటి మాట. పుస్తకంలో "తాగడం లేదు" అని ఉంటుందని మెల్లగా తెలుస్తుంది. గిడుగు రామమూర్తి గారు వాడుక భాష కోసం జీవితమంతా పోరాడితే ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న బడిలో ఫొటోకు దండ వేస్తాం, మర్నాడు "వానొచ్చింది" కొట్టేసి "వర్షం వచ్చినది" అని దిద్దుతాం. ఆయన పర్లాకిమిడిలో సవర గిరిజన పిల్లల కోసం సవర భాష నేర్చుకుని, ఆ భాషలోనే వాచకాలు రాశారు. మనం తెలుగు పిల్ల తెలుగును కూడా బడి గుమ్మం బయట విప్పించి లోపలికి రమ్మంటున్నాం.

"తప్పులు అలవాటైపోతాయి" అనే మాట నాకు చాలా చోట్ల ఎదురైంది. అలవాటు కావు. రోజూ చదివే పిల్లకు సరైన రూపం రోజూ కంటబడుతూ ఉంటుంది, తప్పు దానంతట అదే రాలిపోతుంది. అసలు అలవాటైపోయేది భయం. ఎర్ర గీతలు పడిన పిల్ల మర్నాడు తెలివిగా తనకు బాగా వచ్చిన మూడు మాటలే రాస్తుంది. నాలుగో రోజు పాఠం చూసి దించుతుంది. దించితే ఎవరూ ఏమీ అనరు కదా!

అయితే చూచిరాతను ఉపాధ్యాయులెవరూ చెడ్డబుద్ధితో ఇవ్వరు. అది మాకు కాపలాదారు. ఒకరో ఇద్దరో ఉండే బడిలో ఐదు తరగతులు. ఒకటో తరగతికి గుణింతం చెబుతుంటే మిగతా నలభై మంది ఏం చేయాలి? "పదో పుట రెండుసార్లు రాయండి" అంటే ముప్పావు గంట నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దాన్ని నేనూ ఎన్నో ఏళ్ళు కొనుక్కున్నాను. దీనికి మందు మన ప్రాంతంలోనే ఉంది. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ అనే బడి వాళ్ళు చుట్టుపక్కల చిన్న పల్లెల్లో నడిపిన బడుల్లో పాఠాన్నంతా చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, నిచ్చెన మెట్లలా వరుస పెట్టారు. పిల్ల తాను ఏ మెట్టు మీద ఉందో చూసుకుని, తన కార్డు తనే తెచ్చుకుని పని చేసుకుంటుంది. కొన్ని మెట్ల దగ్గర టీచరు కావాలి, కొన్ని మెట్ల దగ్గర పక్కపిల్ల చాలు. తరగతి గోడలు లేవు. తమిళనాడు దీన్ని చూసి తన బడులకు పట్టుకెళ్ళింది. నేను అంత గొప్పగా చేయలేకపోయాను. పాత క్యాలెండర్ల వెనక రాసిన నూట ముప్పై కార్డులు, ఒక చెప్పుల పెట్టె. అయినా నిశ్శబ్దం పోయి గుసగుస వచ్చింది. నాకు అది చాలు.

ఇంగ్లీషు మాధ్యమం వచ్చాక ఇదంతా ఎందుకని అడిగేవాళ్ళకు ఒకటే మాట. గుర్తును శబ్దం చేయడం, శబ్దాన్ని అర్థం చేయడం పిల్ల ఒకసారే నేర్చుకుంటుంది, తెలిసిన భాషలో నేర్చుకుంటే తొందరగా నేర్చుకుంటుంది. తెలియని భాషలో దించుకునే ఏ బి సి డి లు కూడా చూచిరాతే. నాలుగు గీతల పుస్తకంలో ఇంకా అందంగా ఉంటుంది, అంతే తేడా.

లెక్కలు కూడా అదే చెబుతున్నాయి. ప్రథమ్ సంస్థ 2005 నుంచి పల్లెల్లో ఇంటింటికీ తిరిగి చేసే అసర్ సర్వేలో పిల్ల చేతికి ఒక కాగితం ఇస్తారు. అక్షరాలు, మాటలు, ఒకటో తరగతి పేరా, రెండో తరగతి కథ. అంతే. దేశం మొత్తం మీద ఐదో తరగతి పిల్లల్లో ఆ రెండో తరగతి కథ చదవగలిగినవాళ్ళు 2018లో సగం మందే. కరోనా తర్వాత 2022లో 43 శాతానికి పడిపోయి, 2024లో 49 దగ్గరకు వచ్చారు. మిగతా సగం మంది నోటు పుస్తకాలు ఖాళీగా ఉన్నాయనుకుంటున్నారా? నిండుగా ఉంటాయి. ఆ సర్వే వాళ్ళు నోటు పుస్తకం అడగరు, చదవమంటారు. తేడా అక్కడే ఉంది. కేంద్రం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ పథకం గాని, తెలంగాణలో 2022లో వచ్చిన తొలిమెట్టు కార్యక్రమం గాని ప్రాథమిక తరగతుల్లోనే చదువు రావాలనే చెబుతున్నాయి, సంతోషం. కాని తనిఖీకి వచ్చినవాళ్ళు ఇప్పటికీ ముందు అడిగేది నోటు పుస్తకాలే. నిమిషానికి ఇన్ని మాటలు చదవాలని ఒక కొలత కూడా ఉంది. "చెప్పలేకపోతున్నానని" అన్నది తెలుగులో ఒక్క మాట. దాన్ని ఎలా లెక్కపెడతారో వాళ్ళకే తెలియాలి.

చదువు దేనికి అతుక్కుంటుందో నేను మా ఇంట్లోనే చూశాను. మాది నెల్లూరు జిల్లా. 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమం వచ్చినప్పుడు మా పిన్ని పొలం పని ముగించుకుని రాత్రి బడికి వెళ్ళేది. మొదటి పుస్తకం నీరసంగానే చదివింది. తర్వాతి పుస్తకంలో సీతమ్మ కథ వచ్చింది, సారాకు బలైన కాపురం కథ. ఆ పాఠం చదివిన మా జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు, అది 1992లో రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1న సారా నిషేధం దాకా వెళ్ళింది. ఆ చరిత్ర అందరికీ తెలిసిందే. నాకు గుర్తున్నది వేరు. కూడబలుక్కుంటూ చదువుతున్న పిన్ని ఒక వాక్యం దగ్గర ఆగి, పుస్తకం మూసి, "ఇది నాకెలా తెలుసు వీళ్ళకు!" అంది. వ్యాకరణం తప్పిన ఆ వాక్యానికి అర్థం నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. మా బడిలో మేక గురించి రాసిన పిల్ల పలక చూసినప్పుడు.

మొన్న సంక్రాంతి సెలవుల తర్వాత రెండో తరగతి పిల్లవాడి తల్లి నోటు పుస్తకం పట్టుకుని కోపంగా వచ్చింది. "టీచరమ్మా, పక్కూరి బడిలో మా ఆడపడుచు కొడుకు ఎంత ముద్దుగా రాస్తాడో. వీడి పుస్తకం చూడండి, ఒక్క వరుస తిన్నగా లేదు, అన్నీ తప్పులేనంట, వాళ్ళ నాన్న తిడుతున్నాడు." ఆమెకు చదువు రాదు. నేను పిల్లవాణ్ణి పిలిచి ఆ పుట చదవమన్నాను. వాడు వాళ్ళమ్మ వైపు ఒకసారి చూసి, గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

"మా నాన్న కోడి పందెం పోయాడు. డబులు పోగొట్టాడు. మా అమ్మ నాన్నను తిటింది. చీపురు తీసింది. నేను నవ్వాను. అమ్మ నన్ను కూడా తిటింది."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత తేరుకుని, ఇంకా కోపంగానే, నా మీదికి తిరిగింది. "ఇంట్లో సంగతులన్నీ రాయిస్తారా మీరు బడిలో? రేపు ఇదంతా ఎవరైనా చదివితే?"